ఎడమ జేబు

ఇప్పటికీ మా ఇంట్ల ఎవరన్నా అంగీ ఎడమ జేబుల సెల్ ఫోన్ ఏసుకొని నా ముంగట తిరిగితే నా చెయ్యి ఊకోదు. గుంజి కుడిదిక్కు పెడుత. మనుమలు నవ్వుతరు. "మా గుండెలల్ల మిషిని లేదు గదనే నాయనమ్మా" అంటరు. లేకుంటే లేకపాయె, అలవాటన్న అయితది అంట నేను.

ఆ మిషిని మా ఇంటాయనకుండె. గుండె నిదానంగ కొట్టుకుంటున్నదని పట్నంల పెద్ద దవాఖానల ఎడమ బుజం కింద, తోలు లోపట, అగ్గిపెట్టెంత మిషిని పెట్టిండ్రు. గుండె కొట్టుకునుడు మరిచిపోతే అది గుర్తు చేస్తదట. ఇంటికి పంపేటప్పుడు డాక్టరు పక్కన కూసోబెట్టుకొని చెప్పిండు. "సెల్ ఫోన్ ఈ మిషినికి జానెడు దూరం ఉండాలె. పై జేబుల పెట్టుకోవద్దు. మాట్లాడితే కుడి చెవికాడ పెట్టుకొని మాట్లాడుండ్రి. పెద్ద పెద్ద మైకు డబ్బాలకు ఆనుకొని కూసోకుండ్రి, వాటిల అయస్కాంతం ఉంటది." నేను మూడో తరగతి దాకనే సదివిన గని, జానెడంటే నాకెరుకే. ఇంటికొచ్చినంక ఆయన ఛాతి మీద నా చెయ్యి చాపి కొలిచి చూపిచ్చిన.

"మంచిదే, పోలీసు భర్తీల ఛాతి కొలిచినట్టు కొలుస్తున్నవ్" అన్నడు.

ఆయన అంతకుముందు ఉల్లిగడ్డల యాపారం చేసేటోడు. కుల్చారం, అల్లాదుర్గ్ వారం అంగళ్లకు పోయేటోడు. అంగట్ల జేబుదొంగలుంటరని ఆయన బనీన్లన్నిటికి ఎడమదిక్కు లోపలి జేబు నేనే కుట్టేదాన్ని, పాత లంగ గుడ్డతోని. యాపారం బంద్ అయినా జేబులు అట్లనే ఉన్నయి. మంచిగున్న కుట్టును ఎవరు ఇప్పుతరు?

అవి తెలంగాణ కోసం కొట్లాడే దినాలు. మెదక్‌ల దినాం ఏదో ఒకటి. ఒకనాడు బంద్, ఒకనాడు రాస్తారోకో, ఇంకొకనాడు నడిరోడ్డు మీద పొయ్యిలు పెట్టి వంటావార్పు. బస్సులు డిపో దాటి వచ్చేటియి కావు. మా ఆయన ఇంట్ల ఉంటడా? చాయ తాగుడు, కండువ ఏసుకునుడు, పోవుడు.

"గుండెల మిషిని పెట్టుకొని రోడ్డు మీద కూసుంటవా?" అంటే, "రాష్ట్రం రానియ్యే, వచ్చినంక కాళ్లు జాపుకొని పంట" అనెటోడు.

నాకేమో ఇంట్ల కాలు నిలువకపోయేది. అందుకే ఒక కట్టడి పెట్టిన. నేను ఒక్క రింగు ఇచ్చి కట్ చేస్త. ఆయన తిరిగి ఒక్క రింగు ఇయ్యాలె. అంటే మంచిగున్నడని. ఎత్తొద్దు, ఎత్తితే పైసలు పోతయి. అప్పుడు మా బజార్ల అందరి ఇండ్లల్ల గిట్లనే నడిచేది. ఫోన్ కొనుక్కున్నది మాట్లాడెటందుకు కాదు, మిస్డ్ కాల్ ఇచ్చుకునెటందుకు.

ఒకనాడు చౌరస్తాల వంటావార్పు ఉండె. పొద్దు నెత్తి మీదికొచ్చింది. నేను రింగు ఇచ్చిన. తిరిగి రాలే. జరసేపు ఆగి మళ్ల ఇచ్చిన. రాలే. కడిగిన గిన్నెలే మళ్ల కడిగిన. గల్మకాడికి పోవుడు, లోపలికొచ్చుడు, ఫోన్ దిక్కు చూసుడు. పొయ్యి మీద పప్పు అడుగంటింది. వాసన వచ్చినంకనే యాదికొచ్చింది. పప్పు దించి పక్కకు పెట్టి, ఇంటికి తాళమేసి ఎండల నడిచిన. ఆటోలు గూడ బంద్ ఉన్నయ్.

తొవ్వల మా పక్కింటి ఆటో నడిపే పిలగాడు ఎదురొచ్చిండు, సాయిబుల పిలగాడు. "చాచీ, పరేషాన్ గాకు, నీ దగ్గెరికే వస్తున్న. చాచాకు జర కండ్లు తిరిగినయ్. నీడల కూసోబెట్టినం" అన్నడు. వాడు పరేషాన్ గాకు అన్నంక నా కాళ్లు ఇంకింత ఉరికినయ్.

పోయి చూస్తే, మూసిన దుకాణం ముంగట అరుగు మీద కూసున్నడు. అంగీ గుండీలు ఇప్పి ఉన్నయ్, మెడ మీద నీళ్లు కారుతున్నయ్. ఎదురుంగ డప్పులు ఆగకుండ మోగుతున్నయ్. నా కండ్లు ఆయన మొకం మీద కాదు, బనీను మీద పడ్డయి. లోపలి జేబు ఉబ్బెత్తుగ ఉన్నది. మిషిని దానికి బెత్తెడు దూరంల గూడ లేదు. అందరి ముంగట చెయ్యి పెట్టి ఫోన్ గుంజిన.

"ఏమయ్యా, ఇదేంది?"

"ఫోను."

"ఫోనని నాకెరుక లేదా? ఏడ పెట్టినవ్ దీన్ని?"

వంట చేసేటోళ్లల్ల ఎవరో అన్నరు, "అన్నా, సర్కారు కన్న వదినే గట్టిగున్నది, మనం ఈమెతోని కొట్లాడాలె!" అందరు నవ్విండ్రు. నేను నవ్వలే.

"గీ డప్పులల్ల నీ ఒక్క రింగు ఇనొస్తదానే?" అన్నడు ఆయన, గొంతు సన్నగ. "నడుముకాడ పెట్టుకుంటే తెలుస్తలేదు. గుండె మీద ఉంటే గుర్రుమని వణుకుతది, తెలుస్తది. నేను తిరిగి రింగు ఇయ్యకుంటే నువ్వు ఉరికొస్తవ్ గద."

"డాక్టరు ఏం చెప్పిండు?"

"మాట్లాడితే సంగతి చెప్పిండు. నేను మాట్లాడుతున్ననా? మిస్డ్ కాలే గద. పైసా పోనిది మిషినికేం తెలుస్తది?"

నేను గూడ గట్లనే అనుకుంటి.

మెదక్‌ల డాక్టరు దగ్గెరికి తీస్కపోతే నాడి చూసిండు. "ఎండకు గూడ కండ్లు తిరుగొచ్చు, ఫోన్‌తోని గూడ కావొచ్చు. మిషిని సంగతి పట్నంలనే చూడాలె" అన్నడు. పట్నం ఎట్ల పోవాలె? బస్సులు లేవాయె. బంద్ ఇడిచేదాక నేను కూసున్న జాగల కూసోలే. ఆయన చాయ తాగుతున్నా, పేపర్ సదువుతున్నా పోయి మణికట్టు పట్టుకునేదాన్ని. "రాస్తారోకోల అరెస్టు చేసిన పోలీసోళ్లు గూడ గింతగనం పట్టుకోలేదే" అనెటోడు. కండ్లు తిరిగింది ఎండకా, నా రింగుకా? ఫోన్‌ను మాత్రం అల్మారీల పెట్టిన.

బస్సులు నడిచినంక పోయినం. ఛాతి మీద గుండ్రటి బిళ్లలాంటిది పెట్టి, తెర మీద గీతలు చూసి, మిషిని మంచిగున్నదన్నరు. కండ్లు ఎందుకు తిరిగినయో గట్టిగ ఎవరు చెప్పలే. నేనే అడిగిన, "సారూ, మిస్డ్ కాల్‌తోని గూడ అయితదా?"

"అమ్మా, మీరు ఎత్తకున్నా ఫోన్ టవర్‌తోని మాట్లాడుతనే ఉంటది. రింగు వచ్చేటప్పుడు ఇంకా గట్టిగ మాట్లాడుతది. దూరముంటే భయం లేదు. మిషిని మీద పెట్టుకొని ఏం కాదంటే మాత్రం నేను ఒప్పుకోను" అన్నడు.

ఇంటికొచ్చి కాళ్లు కడుక్కోకముందే బనీన్లన్ని బయటేసిన. బ్లేడుతోని ఎడమ జేబులు ఇప్పిన. ఆ గుడ్డముక్కలే కుడిదిక్కు, నడుము కింద కుట్టిన. ఒక్క ముక్క గూడ పారెయ్యలే. ఆయన తొడుక్కొని తడుముకొని, "ఉల్లిగడ్డల పైసలు గీ జేబుల పెడితే దొంగలు పండుగ చేసుకుంటుండె" అన్నడు.

మళ్ల వంటావార్పు వచ్చింది. ఆయన పోయిండు. పోవద్దంటే ఇంట్ల ఎట్లుంటడో నాకెరుకే. పొద్దు నెత్తి మీదికొచ్చింది. నేను ఫోన్ పట్టుకున్న. ఒక్క రింగు పోయింది. కట్ చేసే బటన్ మీద బొటనవేలు ఉన్నది. నడుముకాడి ఫోన్, ఒక్క రింగు, ఆ డప్పులు. ఎట్ల తెలుస్తది ఆయనకు? వేలు తీసిన. రింగు పోతనే ఉన్నది. ఆగింది. మళ్ల చేసిన. మళ్ల పోతనే ఉన్నది. ఎత్తిండు.

"ఏమైందే? ఎవరికేమైంది? పైసలు పోతున్నయ్ గద!"

"ఏ చెవికాడ పెట్టినవ్?"

"ఆఁ?"

"ఏ చెవి అంటున్న!"

"కుడి! కుడి చెవే తల్లీ! పెట్టెయ్ ఇగ!"

నేను పెట్టలే. ఆయన గూడ కట్ చేసుడు మరిచినట్టున్నడు. డప్పులు ఇనొస్తున్నయ్, ఆయన ఎవరికో "మా ఇంట్లనుంచే, ఏం లేదు, ఉత్తగనే" అని చెప్పుడు ఇనొస్తున్నది. జరసేపు గట్లనే ఇనుకుంట నిలబడ్డ.