రెండడుగులు వెనక్కి

ఒక్కరోజైనా, ఒక్కరైనా అడిగారా మా అన్నయ్య గురించి? మీ తాత మీసాల గురించి అడిగారు. మీ పెదనాన్న స్కూటరు గురించి అడిగారు. చివరికి ఎప్పుడో చచ్చిపోయిన మన చిలక ఏం మాట్లాడేదని కూడా అడిగారు. మా అన్నయ్య దగ్గరికి వచ్చేసరికి నోట్లో నాలుక లేదు ఎవరికీ. ఆల్బం తిరగేసి, "ఇదేంటి నానమ్మా, అందరూ చీమల్లా ఉన్నారు" అని కిసుక్కున నవ్వి మూసేస్తారు. ఆ చీమల్ని తీసిందెవరో తెలుసుకోవాలని బుద్ధి పుట్టదేం? కూర్చోండి ఇలా. ఆ ఫోన్లు పక్కన పడేయండి.

మా అన్నయ్యకి ఒకటే జబ్బు. కెమెరా కంటికి ఆనిందంటే చాలు, కాళ్లు రెండడుగులు వెనక్కి పడేవి. ఆ రెండూ అయ్యాక "ఇంకో రెండే" అనేవాడు. అవీ అయ్యాక ఇంకో రెండు. లోకంలో అందరూ గోరంతని కొండంత చేస్తారు. మా అన్నయ్య కొండంత మనుషుల్ని తెచ్చి గోరంత చేసేవాడు. వీధిలో ఆయన అసలు పేరు ఎవరికీ గుర్తు లేదు. చిన్నా పెద్దా అందరికీ "రెండడుగులు".

విచిత్రం ఏమిటంటే, ఆయన ఉద్యోగం నీళ్ల ఆఫీసులో మీటర్లు చూడటం. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఇంటింటికీ తిరిగి, గోడవార బురదలో గొంతుక్కూర్చుని, ఆ చిన్న గాజుబిళ్లకి ముక్కు ఆనించి అంకెలు రాసుకోవాలి. అంత దగ్గరగా చూసి చూసి విసుగెత్తే ఇలా వెనక్కి పోతున్నాడని మా నాన్న అనేవాడు.

మొదటిసారి ఇంట్లో అందరినీ అరుగు మీద కూర్చోబెట్టి ఫోటో తీస్తానన్నాడు. రెండడుగులు వేశాడు, గేటు దాటాడు. రెండు వేశాడు, వీధి దాటాడు. ఇంకో రెండు వేసేసరికి ఎదురింటి ప్లీడరుగారి ముందుగదిలో ఉన్నాడు. ప్లీడరుగారు భోజనం చేస్తున్నారు.

"ఏమయ్యా, ఇది ఇల్లనుకున్నావా, మైదానమనుకున్నావా?"

"కదలకండి సార్, కిటికీలోంచి మావాళ్లు చక్కగా కనబడుతున్నారు."

ఆ ఫోటోలో మా ఇంటిల్లిపాదీ కలిపి బొటనవేలంత. ప్లీడరుగారి మోచెయ్యి మాత్రం తొడంత.

ఇంకోసారి మంగలి కొట్లోకి వెనక్కి నడిచి, నేరుగా కుర్చీలో కూలబడ్డాడు. మంగలి అడగనైనా అడగలేదు, మెడకి గుడ్డ చుట్టేశాడు. సగం గడ్డంతో ఇంటికొచ్చాడు. ఆ తర్వాత మురిక్కాలవ. ఆ తర్వాత పడుకున్న గేదె. గేదె లేచింది, అన్నయ్య లేవలేదు.

ఇక లాభం లేదని మా అమ్మ నన్ను పిలిచింది. అప్పటికి నాకు తొమ్మిదేళ్లు. "ఒసేయ్, వాడు కెమెరా తీసినప్పుడల్లా వెనకాల నుంచుని వాడి చొక్కా అంచు పట్టుకో. గుంట వస్తే లాగు" అంది. అలా మొదలైంది నా ఉద్యోగం. జీతం లేదు, సెలవు లేదు. "చెల్లాయ్, చొక్కా!" అని కేక వినబడితే చేతిలో ఏముంటే అది పడేసి పరిగెత్తడమే. పెళ్లయ్యాక నాలుగిళ్ల అవతల కాపురం పెట్టినా ఆ కేక ఆగలేదు. "మీ అన్నయ్య పిలుస్తున్నాడు, పో, పోయి తోక పట్టుకో" అనేవాడు మీ తాత. అన్నయ్య చొక్కాలన్నీ ముందు కొత్తవి, వెనక పాతవి.

ఆదివారం పొద్దున టైలరు కొట్లో ఫోటోల పిచ్చివాళ్లందరూ చేరేవాళ్లు. ఆ రోజు కొట్టుకి సెలవు. గుడ్డలు కత్తిరించే బల్ల మీద వారంలో తీసిన ఫోటోలు పరిచి, ఒకరిది ఒకరు చూసి తప్పులు చెప్పుకోవాలి. టైలరు, కాంపౌండరు, డ్రాయింగు మాస్టారు, మా అన్నయ్య. కాంపౌండరు మనుషుల మీదమీదకి వెళ్లి తీసేవాడు. ఆ మొహాలు చూస్తే ఇప్పుడే "ఆ..." అని నోరు తెరుస్తాయేమో అనిపించేది. డ్రాయింగు మాస్టారు ఎప్పుడూ పొద్దుగూకడమే తీసేవారు. తల్లకిందులుగా పట్టుకున్నా ఎవరికీ తెలిసేది కాదు. ఒకసారి తల్లకిందుల దాన్నే బాగా మెచ్చుకున్నారు. ఆయన కూడా ఊరుకున్నారు.

మా అన్నయ్య వంతు వచ్చేసరికి ముగ్గురూ ఒకటయ్యేవాళ్లు.

"దగ్గరికి పోవయ్యా బాబూ! మనుషులేమన్నా కరుస్తారా?" అనేవాడు కాంపౌండరు.

"సాయంత్రం నాలుగింటికే తీస్తావేం? ఎండ మొహాన కొట్టి అందరూ కళ్లు చికిలించారు. చింతపండు తిన్నట్టున్నారు" అనేవారు మాస్టారు.

"అన్నిటికంటే ఇది చూడు," టైలరు సుద్దముక్కతో ఫోటో కింద గీత గీసేవాడు, "రెండు నీడలు! ఒకటి నీది. రెండోది నీ తోక పట్టుకున్న మీ చెల్లెలిది. ప్రతి ఫోటోలోనూ! ఫోటోలో మన నీడ పడకూడదని పసిపిల్లకి కూడా తెలుసు."

"అలాగే, అలాగే. బాగా చెప్పారు" అనేవాడు అన్నయ్య. ఎంతో శ్రద్ధగా వినేవాడు. మళ్లీ ఆదివారం మళ్లీ చీమలు, మళ్లీ చింతపండు మొహాలు, మళ్లీ రెండు నీడలు. కుక్కతోక నయం.

నీళ్ల ఆఫీసులో మేనేజర్లు ఏడాదికొకరు మారేవాళ్లు. ఉన్నాయన వెళ్లిపోయే రోజున సిబ్బందంతా మెట్ల మీద నిలబడి ఫోటో దిగడం అలవాటు. తీసేది మా అన్నయ్యే. వెనక నేను. ఒక ఏడాది ఆ ఫోటో కాస్త బాగా కుదిరింది. రీడింగు రూము వాళ్లు పోటీ పెడుతున్నారని, దానికి అట్ట అతికించమని టైలరుకి ఇచ్చాడు. టైలరుది మంచి మనసే. కానీ చేతిలో కత్తెర ఉన్నవాడికి మంచి మనసు ఉండటం అంత మంచిది కాదు. "స్నేహితుడికి బహుమతి రావాలి" అని ఎడమపక్క రెండు వేళ్ల వెడల్పు ముక్క కోసిపారేశాడు.

నిజం చెప్పాలంటే ఫోటో బాగుపడింది. మేనేజరు సరిగ్గా నడిమధ్యకి వచ్చాడు. మేమంతా "ఆహా" అన్నాం. అన్నయ్య అనలేదు.

"ఆ ముక్కేదీ?"

"ఏ ముక్క?"

"ఎడమచేతి వైపు ముక్క."

"అందులో ఏముందయ్యా, ఓ స్తంభం! బట్ట మిగిలితే కత్తిరించాలి, బొమ్మ మిగిలినా అంతే. చెత్తలో వేశా."

మా అన్నయ్యకి కోపం రావడం నేను చూసింది ఆ ఒక్కసారే. పీలికల గోనెసంచి ఎత్తి నేల మీద బోర్లించాడు. ఆ పీలికల మధ్య పొదిగే కోడిలా కూర్చుని మధ్యాహ్నం దాకా వెతికాడు. ముక్క దొరికింది. మైదా జిగురుతో మళ్లీ అతికించాడు. పోటీకి పంపితే, అతుకులేసిన ఫోటోలు మేం తీసుకోం అని తిప్పి పంపారు. టైలరు రెండు ఆదివారాలు మొహం మాడ్చుకున్నాడు.

నాకూ ఒళ్లు మండింది. "అన్నయ్యా, ఆ ముక్కలో ఏమన్నా బంగారముందా?" అన్నాను.

"బంగారం కాదే, చీపురుంది" అన్నాడు.

చూశాను. నిజమే, స్తంభం పక్కన ఎవరి చేతిలోనో చీపురు ఉంది. సరే, మతి పూర్తిగా పోయింది అనుకున్నాను.

ఆ చీపురు ఆయమ్మది. ఆఫీసు ఊడ్చి, తుడిచి, కుండల్లో నీళ్లు నింపే మనిషి. రోజుకూలి. ఆఫీసు వెనక పంపు పక్కన ఒక గది ఇచ్చారు, అందులోనే ఉండేది. ఒక ఏడాది పైఆఫీసు నుంచి కాగితం వచ్చింది. పదేళ్లు విడవకుండా పనిచేసినట్టు రుజువుంటే ఉద్యోగం ఖాయం చేస్తారట. రుజువు లేనివాళ్లని నెలాఖరుకి తీసేస్తారట. ఆయమ్మ చేరి పదకొండేళ్లు. కానీ హాజరు పుస్తకాలేవీ? అది నీళ్ల ఆఫీసు కదా, ఊరందరికీ నీళ్లిచ్చేది, తన కప్పు మాత్రం కారేది. పుస్తకాలన్నీ తడిసి పిండిముద్దలయ్యాయి.

కొత్త మేనేజరు వచ్చి వారమే అయింది. "మీరంతా నోటితో చెబితే చెల్లదు. కంటికి కనబడే రుజువు కావాలి" అన్నాడు. ఆయమ్మ వెళ్లి గదిలో సామాను మూట కట్టుకోవడం మొదలుపెట్టింది.

అన్నయ్య ఇంటికొచ్చి అటక మీంచి ట్రంకుపెట్టె దింపాడు. "చెల్లాయ్, పద!" అన్నాడు. అలవాటు కొద్దీ చొక్కా పట్టుకున్నాను. దారిలో టైలరు, కాంపౌండరు, మాస్టారు కూడా కలిశారు. మేమంతా ఊరేగింపులా వెళ్లి మేనేజరు బల్ల మీద పదకొండు ఫోటోలు పరిచాం.

మేనేజరు వంగి చూశాడు. "మెట్లు కనబడుతున్నాయి. స్తంభాలు కనబడుతున్నాయి. మనుషులేరయ్యా?"

"ఉన్నారు సార్. కొంచెం అవతల ఉన్నారు."

కాంపౌండరు భూతద్దం తీసిచ్చాడు. గోడ మీద ఏ మేనేజరు ఏ ఏడు ఉన్నాడో రాసిన బోర్డు ఉంది. అన్నయ్య ఒక్కొక్క ఫోటో చూపించి ఒక్కొక్క పేరు చదివాడు. గొడుగు మేనేజరు, బొజ్జ మేనేజరు, అంతకంటే బొజ్జ మేనేజరు. ప్రతి ఫోటోలోనూ మెట్ల చివర, స్తంభం పక్కన, చీపురుతో ఆయమ్మ! తను ఫోటోలో పడుతున్నానని తెలియదు కదా, ఒకదాంట్లో ఆవలిస్తోంది. ఒకదాంట్లో వీపు గోక్కుంటోంది. ఇంకోదాంట్లో కుక్క మీదకి చీపురెత్తింది.

పది ఫోటోల దాకా బాగానే గడిచింది. పదకొండోది అతుకు ఫోటో. మేనేజరు గోటితో గీకి చూశాడు. "ఇది అతికించారు! ఈవిణ్ణి తెచ్చి ఇందులో అంటించారు! అయితే ఇవన్నీ ఇంతేనా?" అని లేచి నిలబడ్డాడు.

గుమ్మం దగ్గర ఆయమ్మ చేతిలో మూట జారింది. అప్పుడు టైలరు గొంతు సవరించుకున్నాడు.

"ఆ ముక్క కోసింది నేనే సార్. ఆ కోత నాదే."

"నీదని ఏమిటి రుజువు?"

టైలరు మా అందరి వంకా చూశాడు. ఊళ్లో ప్యాంటు ఒక కాలు పొడుగైందని ఎవరు పోట్లాడినా, "నా కోత సూటిగానే ఉంది, నీ కాళ్లే వంకర" అని గెలిచినవాడు వాడు. తల వంచుకున్నాడు. "నా కత్తెర ప్రతి నాలుగు వేళ్లకీ ఒకసారి పక్కకి జారుతుంది సార్. ముప్పై ఏళ్ల నుంచీ" అన్నాడు. జేబులోంచి కత్తెర తీసి, బల్ల మీది తెల్లకాగితం పరపరా కోశాడు. అతుకు పక్కన పెట్టి చూస్తే అదే వంకర, అక్కడే వంకర. కాంపౌండరు కిందకి వంగి తన ప్యాంటు కాళ్లు రెండూ కొలుచుకోవడం మొదలుపెట్టాడు.

మేనేజరు కూర్చున్నాడు. "సరే. మరి ఈ నీడలేమిటి? అన్నిట్లోనూ రెండు నీడలు. ఒకటి రెండోదాని తోక పట్టుకుంది."

"తోక కాదండీ, చొక్కా" అన్నాను. "ఆ రెండో నీడ నేనే. పదకొండేళ్లూ అక్కడే ఉన్నాను, ఆయమ్మని చూశాను."

"నువ్వెవరమ్మా?"

"ఆయన చెల్లెల్నండి."

"బాగుంది, పిల్లికి ఎలుక సాక్ష్యం!" అన్నాడు గానీ, ఆయన కళ్లు నా చేతి మీద ఉన్నాయి. చూసుకుందును కదా, ఇంటి దగ్గర పట్టుకున్న చొక్కా అంచు ఇంకా వదల్లేదు. మేనేజరుకి నవ్వాగలేదు. కళ్లు తుడుచుకుని, భూతద్దంతో సహా ఫోటోలన్నీ కట్టగట్టి పైఆఫీసుకి పంపించాడు. నెల తిరక్కుండా ఆయమ్మ ఉద్యోగం ఖాయమైంది. మూట విప్పుకుంది. భూతద్దం మాత్రం తిరిగి రాలేదు. కాంపౌండరు ఇప్పటికీ ఉంటే ఇంకా తిడుతూనే ఉండేవాడు.

ఆ కాగితం వచ్చిన రోజు సాయంత్రం ఇంటికొస్తూ అడిగాను. "అన్నయ్యా, తెలిసే చేశావా ఇదంతా?"

"ఏం తెలియడం? ఫోటో అనగానే ఆయమ్మ చీపురు తీసుకుని పక్కకి రెండడుగులు తప్పుకునేది. ఆవిడ పక్కకి రెండేస్తే, నేను వెనక్కి రెండేయాలి కదే. లేకపోతే ఎలా పడుతుంది?"

"మరి మనింటి ఫోటోకి ప్లీడరుగారి అన్నంలోకి ఎందుకు పోయావు?"

"అమ్మ వంటింటి కిటికీలోంచి తొంగిచూస్తోందే! పిలిస్తే రానంది. ఎక్కడైనా ఎవరో ఒకరు తప్పుకుంటారు చెల్లాయ్."

ఇంటికెళ్లి ఆ ఫోటో వెతికి చూశాను. మోచేతికి పైన, ఆవగింజంత, మా అమ్మ. అక్కసు ఆగలేదు. మర్నాడు పోయి దులిపేశాను. "ఊళ్లో చీపురుని కూడా వదల్లేదు. ఇన్నేళ్లు వెనక నిలబడి చొక్కా పట్టుకున్నదాన్ని, నన్నొక్కదాన్ని వదిలేశావు. తొమ్మిదో ఏటి నుంచి ఒక్క ఫోటోలో ఉన్నానా నేను?"

అన్నయ్య నావైపు పిచ్చిదాన్ని చూసినట్టు చూశాడు. "నాలుగింటిదాకా ఆగి అందర్నీ ఎండకెదురుగా నిలబెట్టింది ఎందుకనుకున్నావే? పొద్దు వెనక ఉంటేనే కదా, నీ నీడ ముందుకి పడేది!"

చొక్కా పట్టుకుని ఒక్క లాగు లాగాను. పర్రుమని చిరిగింది.

"టైలరుకియ్యి, కుడతాడు" అన్నాను.

"వద్దులే, వాడిది వంకర కోత" అన్నాడు.

పోయేనాటికి మా అన్నయ్యకి ఎనభై ఒక్క ఏళ్లు.