సూర్యుడికి గుడి కట్టిన రోజు

కరోనా తగ్గిన మరుసటి ఏడాది. గజపతినగరంలో ఒక చిన్న విజన్ సెంటర్‌లో ఆఫ్తాల్మిక్ అసిస్టెంట్‌గా పనిచేస్తున్నాను. చూపు పరీక్షించి, అవసరమైనవారిని పెద్ద డాక్టరు దగ్గరికి పంపడం మా పని. వేసవి మొదట్లో ఒకరోజు పొద్దున్న సూర్యుడి చుట్టూ పెద్ద గుడి కట్టింది. బాగా ఎత్తున ఉండే పలచటి మబ్బులో మంచు పలుకులుంటే, వాటిలోంచి వెలుగు వంగి అలా రంగుల వలయంలా కనిపిస్తుంది. బజారంతా తలలెత్తి చూసింది.

పదకొండింటికి సన్యాసినాయుడనే రైతు, భార్యను వెంటబెట్టుకుని కంగారుగా వచ్చారు.

"అలాగ సూస్తుండిపోనాను మేడమ్. ఎటు సూసినా నల్లమచ్చే. కళ్లు పోనాయేటి?"

చార్టు చివరి వరుస దాకా చదివారు. మచ్చ కూడా అప్పటికే తగ్గుతోంది. ఇకమీదట సూర్యుణ్ణి నేరుగా చూడొద్దని చెప్పాను.

పక్కనున్న ఆయన భార్య అప్పలనర్సమ్మ నవ్వేశారు. "ఇంతోటి దానికి ఇంత గాబరా ఏటి ఈయనకి? నాకయితే సందేళ బల్బు సుట్టూ గుడి కడతాది. నానేటైనా అన్నానా?"

రాస్తున్న పెన్ను ఆపేశాను. "తలనొప్పి కూడా వస్తుందా అమ్మా?"

"ఎడమ కణత పీకేస్తాది. తొంగుంటే తగ్గిపోద్ది."

ఆవిణ్ణి పరీక్ష కుర్చీలో కూర్చోబెట్టాను. పక్కనుంచి టార్చి వేస్తే కంట్లో సగం నీడ పడింది. లోపల జాగా ఇరుకని దానర్థం. కంటి ఒత్తిడి కొలిచే టోనోమీటర్‌తో చూస్తే ఎడమ కంట్లో ఎక్కువే ఉంది. ఒత్తిడి బాగా పెరిగినప్పుడు దీపం చుట్టూ అలా గుడి కట్టినట్టు కనిపిస్తుంది. గ్లకోమా అనిపించింది, అంటే నీటికాసులు. దానితో పోయిన చూపు మళ్లీ రాదు.

"రేపే విజయనగరం వెళ్లాలమ్మా."

"నువ్వులు కోతకొచ్చీసాయి. వారం పోనాక ఎల్తాను. ఈలోగా ఏటి పోద్ది?"

"చూపు పోవచ్చు."

ఆవిడ నవ్వు ఆగిపోయింది. సన్యాసినాయుడు లేచి నిలబడ్డారు. "కోత సంగతి మీ తమ్ముడికి సెప్పీసి, మజ్జానం బస్సుకే ఎల్దాం. రేపటిదాకా ఎందుకు?"

అక్కడి డాక్టరు రెండు కళ్లలోనూ నీరు కదిలేందుకు లేజర్‌తో సన్నని దారి చేశారు. ఎడమ కంటికి పక్క చూపు కొంత అప్పటికే పోయింది. మిగిలిన చూపు నిలిచింది. నెల తర్వాత అప్పలనర్సమ్మ వచ్చి, "ఇప్పుడు బల్బు బల్బులాగే ఉన్నాది మేడమ్," అన్నారు.

అంతకుముందు భర్త కళ్లద్దాల కోసం ఆవిడ రెండుసార్లు మా సెంటర్‌కి వచ్చారట. అదే బెంచీ మీద కూర్చుని వెళ్లిపోయారు. నేను పలకరించనే లేదు. ఆ మాట ఇప్పటికీ నన్ను గుచ్చుతుంది. అందుకే పేషెంటుకి తోడుగా వచ్చినవారినీ అడుగుతున్నాను: "మరి మీ కళ్లెలా ఉన్నాయి?" చాలామంది నవ్వేసి ఊరుకుంటారు. ఎవరైనా జవాబుకి ముందు ఒక్క క్షణం ఆగితే, వాళ్ల పేరు మీద కూడా పరీక్ష చీటీ రాస్తాను.