పసరు మందు ఎక్కడ ఇస్తారు?

రామకోటేశ్వరరావు గారికి మంచి తెలుగు మాట చెవిన పడితే ఒళ్లు మండుతుంది. ఇంగ్లీషు మీద మోజుండి కాదు, తెలుగు రాక అసలే కాదు. పాతికేళ్లు ఒక పత్రిక డెస్కులో కూర్చుని ఊరందరి తెలుగూ దిద్దిన మనిషి. ఇప్పుడు మాత్రం ఎవరు ఏ చక్కటి మాట అన్నా కళ్లజోడు నుదుటి మీదికి తోసుకుని ఒకటే ప్రశ్న వేస్తారు. "అలా ఎవడు వెతుకుతాడు?"

గవర్నర్‌పేటలో ఒక పాత లాడ్జి మూడో అంతస్తులో ఆయన బ్లాగు ఆఫీసు. జనం తెలుగులో గూగుల్‌ని ఏమేం అడుగుతారో కనిపెట్టడం, వాటికి జవాబులు రాయడం, ఆ జవాబులు అందరి రాతలకన్నా పైన కనపడేట్టు చూడటం అక్కడి పని. సిబ్బంది ఇద్దరే. కంప్యూటర్ల సంగతి ఫిలిప్ చూస్తాడు, రాత సంగతి సింధూరి చూస్తుంది.

లాడ్జి యజమాని కాశీరావు గారు పోయినప్పుడు ఆయన కొడుకు హేమసుందర్ మెట్ల దగ్గర ఫ్లెక్సీ కట్టించాడు. 'శివైక్యం చెందిన మా తండ్రిగారు' అని ఉంది. ఇంకా శవం లేవలేదు. రామకోటేశ్వరరావు గారు దండ వేసి, దణ్ణం పెట్టి, ఫ్లెక్సీ వంక చూశారు.

"శివైక్యం అని ఎవడు వెతుకుతాడు నాయనా?"

హేమసుందర్ ఏడుపు ఆపాడు. "ఎవరూ వెతకక్కర్లేదండీ. ఆయన లోపలే ఉన్నారు."

"అది కాదయ్యా. ఎల్లుండికల్లా నువ్వే వెతుకుతావు. 'నాన్న చనిపోతే సర్టిఫికెట్ ఎక్కడ ఇస్తారు' అని. మన పేజీయే మొదట వస్తుంది, చూడు."

మూడో రోజున హేమసుందర్ అవే మాటలు అదే వరసలో ఫోన్లో కొట్టాడు. ఆ పేజీ చూసుకునే ఆఫీసుల చుట్టూ తిరిగి కాగితాలన్నీ తెచ్చుకున్నాడు. అయినా ఆ రోజు శవం పక్కన అడిగిన ప్రశ్నకు మాత్రం ఇప్పటికీ క్షమించలేదు.

సింధూరిది పామర్రు. తెలుగు ఎమ్మేలో బంగారు పతకం వచ్చింది. ఉద్యోగంలో చేరిన మొదటి రోజే 'కేశ సంరక్షణ' అని ఒక వ్యాసం రాసి, అక్షింతలు వేయించుకోవడానికి సిద్ధంగా ఉన్న పెళ్లికూతురిలా నిలబడింది. అక్షింతలు బాగానే పడ్డాయి.

"కేశాలు దేవతలకుంటాయమ్మా. మనకుండేది జుట్టు. అదీ రాలిపోతుంది." ఆయన తన బట్టతల నిమురుకున్నారు. "రాలకుండా ఏం చెయ్యాలో రాయి. జవాబు మొదటి వాక్యంలోనే ఉండాలి. ప్రాణం మీదికొచ్చినవాడు రెండో పేరా దాకా రాడు."

జుట్టు రాలడానికీ ప్రాణానికీ సంబంధమేమిటో ఆమెకు అర్థం కాలేదు. అర్థం కానివి ఇంకా చాలా ఉన్నాయి. ఆదివారం వస్తే ఆయన బస్టాండుకు వెళ్లి పల్లె బస్సుల దగ్గర నిలబడతారు. ముక్కూ మొగం తెలియనివాళ్లను పట్టుకుని, "అన్నా, ధాన్యంలో తేమ ఎక్కువుంటే ఏం చెయ్యాలో ఫోన్ని ఎట్లా అడుగుతావు? ఒక్కసారి అను" అని బతిమాలతారు. అన్నది అన్నట్టు చిన్న పుస్తకంలో రాసుకుంటారు. ఒకసారి ఫోన్ల దొంగ అనుకుని పోలీసులు పట్టుకున్నారు. "ఏం పని నీకిక్కడ?" అని కానిస్టేబుల్ గద్దిస్తే, "అది తర్వాత చెప్తా గానీ, ఫోన్ పోతే మీరు గూగుల్లో ఏమని వెతుకుతారు?" అన్నారు. సాయంత్రం దాకా స్టేషన్లో కూర్చోబెట్టారు.

ఇవన్నీ భరించవచ్చు. సింధూరికి తల కొట్టేసినట్టుండే పేజీ వేరే ఉంది. దాని పేరు 'పాము కరిస్తే పసరు మందు ఎక్కడ ఇస్తారు?' నాలుగేళ్లుగా ఆ మాటలతో ఎవరు వెతికినా అదే మొదట వస్తుంది. తెరిచి చదివితే అందులో ఉన్నది వేరు. పసరుతో విషం దిగదు, ఆసుపత్రిలో ఇచ్చే సూది మందుతోనే దిగుతుంది, కొయ్యకండి, తాడు బిగించకండి, నడవనివ్వకుండా తీసుకెళ్లండి అని ఉంటుంది. కింద ఒక ఫోన్ నంబరు. పొలం గట్టు మీద సిగ్నల్ ఒక్క గీత ఉన్నా తెరుచుకోవాలని ఒక్క బొమ్మ కూడా పెట్టనివ్వలేదు ఆయన.

కానీ తెరిచి చూసేదెవరు? మొన్నొక సాహిత్య సభలో ఆమె గురువుగారు మైకులోనే అన్నారు, "మా శిష్యురాలు ఇప్పుడు పసరు మందు ప్రచారంలో ఉంది" అని. హాలంతా నవ్వింది. సింధూరి అన్నం తినకుండా వచ్చేసింది.

జూలైలో పంటి నొప్పితో రామకోటేశ్వరరావు గారు రెండు రోజులు ఆఫీసుకు రాలేదు. సింధూరి ఆ పేజీ తెరిచి, పసరు అన్న మాట ఎక్కడుంటే అక్కడ ఏరిపారేసి, పైన 'సర్పదంశం: శాస్త్రీయ ప్రథమ చికిత్స' అని పెట్టింది. ఆ రోజు ఆమెకు తలంటు పోసుకున్నంత హాయిగా ఉంది.

వారం గడిచింది. ఒక పొద్దున ఆయన జేబులోంచి బటన్ల ఫోన్ తీసి చెవి దగ్గర పెట్టుకుని ఊపారు. ఆ పేజీ కింద ఉండే నంబరు దానిదే.

"ఫిలిప్, దీనికేమన్నా జబ్బు చేసిందా? నాలుగు రోజులై మోగలా."

"బాగానే ఉందండీ."

కాలవలకు నీళ్లు వదిలారు. నాట్లు పడుతున్నాయి. వాన తెరిపివ్వడం లేదు. పాములు కలుగుల్లోంచి గట్ల మీదికొచ్చే రోజులు. ఆయన కంప్యూటర్ ముందు కూర్చుని పసరు మందు అని కొట్టారు. మొదట ఎవడో ఆకులు నూరే వీడియో వచ్చింది. దాని కింద ఇంకొకడు వేర్లు అరగదీస్తున్నాడు. మూడు పేజీలు తిరగేసినా తమ జవాబు కనపడలేదు.

"ఎవరు మార్చారు?"

"నేనేనండి," అంది సింధూరి. "నిజాన్ని నిజంలా రాస్తే తప్పేంటండీ?"

ఆయన అరిస్తే బాగుండేది. అరవలేదు. 'సర్పదంశం' అని ఒకసారి పైకి చదువుకుని, మొహం కడుక్కుంటానని వెళ్లి ఎంతకీ రాలేదు.

"ఆ మాట ఆయన రాసిందేనమ్మా," అన్నాడు ఫిలిప్. "ఆరేళ్ల కిందట, బ్లాగు పెట్టిన కొత్తలో. 'సర్పదంశం, తక్షణ కర్తవ్యం' అని. ఎంత బాగా రాశారనుకున్నావు! ఆ ఏడే చల్లపల్లి దగ్గర వాళ్ల తమ్ముడు వెంకటప్పయ్య గారిని చేలో కట్లపాము కరిచింది. ఆ తమ్ముడి భార్య మాణిక్యమ్మ గారు ఫోన్ తీసి పసరు మందు అని వెతికారు. ఎవడిదో అడ్రసు దొరికింది. ఆటోలో వేసుకుని ఆసుపత్రి ముందునుంచే వెళ్లారంట అక్కడికి."

"మరి సార్ రాసింది?"

"గూగుల్లో నలభయ్యో పేజీలో ఉంది. దినం అయిన మర్నాడు ఆయన నాచేత లెక్కపెట్టించారు."

సింధూరి గబగబా ఆ పేజీ తెరిచింది. పాత పేరు తిరిగి పెట్టడానికి నిమిషం పట్టలేదు. మళ్లీ పైకి రావడానికి ఎన్నాళ్లు పడుతుందని అడిగితే ఫిలిప్ పెదవి విరిచాడు. "వారమో, పది రోజులో. మన చేతిలో లేదమ్మా." ఈ పది రోజుల్లో పాము కరిచినవాళ్లందరూ ఆకులు నూరేవాడి దగ్గరికే పోతారు. ఆ పాపం ఎవరిదో ఆమెకు ఎవరూ చెప్పక్కర్లేదు.

రామకోటేశ్వరరావు గారు ఆగలేకపోయారు. 'పసరు మందు' అని పెద్ద అక్షరాలతో, కింద నంబరుతో వెయ్యి కాగితాలు అచ్చు వేయించి, మైదా పిండి ఉడకబెట్టిన డబ్బాతో చల్లపల్లి బస్సెక్కారు. ఎక్కేముందు ఫోన్ సింధూరి చేతిలో పెట్టారు.

"మోగితే ఎత్తు. ఉపన్యాసం మాత్రం ఇవ్వకు."

"పసరు కావాలంటే ఏం చెప్పనండీ?"

"బంగారు పతకం ఊరికే ఇచ్చారా? ఆలోచించు."

రెండో రోజు మధ్యాహ్నం ఫోన్ మోగింది. ఆడగొంతు, వెనక వాన చప్పుడు.

"పసరు మందు ఇచ్చేది మీరేనాండీ? నా పేరు నాగలక్ష్మి. మా ఆయన్ని చేపల చెరువు గట్టు మీద పాము కరిచిందండీ. టీ కొట్టు గోడ మీద మీ కాగితం చూశా."

"అమ్మా, పసరుతో విషం దిగదండీ. అది అశాస్త్రీయమైన..."

"లేదా అయితే? ఉంటానండీ. పక్కూళ్లో ఒకాయన ఇస్తాడంట."

"ఉంది!" సింధూరి కేక పెట్టింది. "ఉందండీ! పెట్టేయకండి. మీకు దగ్గర్లో పెద్ద సర్కారాసుపత్రి ఉందా? దాని లోపలే ఇస్తారు. ఎమర్జెన్సీలోకి తీసుకెళ్లి పాము కరిచిందని చెప్పండి. ఆయన్ని నడవనివ్వకండి. కొయ్యకండి, తాడు బిగించకండి."

"ఎంత తాగించాలండీ?"

"అది వాళ్లే చూసుకుంటారమ్మా. మీరు ముందు ఆటో ఎక్కండి!"

ఆ తర్వాత కబురు లేదు. తిరిగి చేస్తే ఫోన్ స్విచ్చాఫ్. మర్నాడూ స్విచ్చాఫే. రామకోటేశ్వరరావు గారు చేతుల నిండా ఎండిన మైదాతో వచ్చి సంగతి విన్నారు.

"ఏమన్నావు?"

"ఉందన్నానండి."

ఆయన కుర్చీ లాక్కుని ఆమె పక్కనే కూర్చున్నారు. ఇద్దరూ ఫోన్ వంక చూస్తూ ఆ పూట గడిపారు. ఆ రాత్రి సింధూరికి కంటి మీద కునుకు లేదు.

మర్నాడు పది గంటలకు మోగింది. ఆయన స్పీకర్ నొక్కారు.

"మీరసలు మనుషులేనా?" నాగలక్ష్మి అగ్గి మీద గుగ్గిలంలా ఉంది. "పసరుందని చెప్పి ఆసుపత్రికి తోలారే! సూది మీద సూది, సెలైన్ మీద సెలైన్! ఒక్క చుక్క పసరు పోస్తే ఒట్టు! ఏదమ్మా పసరని అడిగితే నర్సమ్మ నన్నే కసిరింది!"

అటునుంచి ఒక మగగొంతు, నీరసంగా ఉన్నా కోపంగా, "ఆ ఫోన్ ఇటియ్యవే, నేను తిడతా!" అంది.

ఆపైన వచ్చిన తిట్లు పాతికేళ్లు పత్రికలో పనిచేసిన మనిషి కూడా విననివి. లాడ్జివాళ్లు వింటారని ఫిలిప్ పరుగున వెళ్లి తలుపు మూశాడు. సింధూరి కొంగు నోట్లో కుక్కుకుని నవ్వుతోంది. రామకోటేశ్వరరావు గారు కళ్లు మూసుకుని, కాళ్లు బార్లా చాపుకుని, పెళ్లిలో సన్నాయి వింటున్నట్టు వింటున్నారు. చివరికి అటు మనిషికే ఆయాసమొచ్చింది.

"ఏందయ్యా, ఉలకవు పలకవు? ఉన్నావా?"

"ఉన్నా నాయనా," అన్నారాయన. "కాసిని మంచినీళ్లు తాగి మళ్లీ మొదలెట్టు. మాకు ఇవాళ వేరే పనేం లేదు."