కంకిపాడు మౌనం

ఒక కరెంటు వైరు ఏపాటి బరువుంటుంది? చేత్తో పట్టుకుంటే ఏమీ ఉండదు. నేను చేత్తో కూడా పట్టుకోలేదు, కాలితో లాగాను. అయినా ఇన్నేళ్లుగా దాన్ని మోస్తూనే ఉన్నాను. ఇంట్లో ఆవిడకి తెలియదు. నేను పాఠాలు చెప్పే కాలేజీలో తెలియదు. మీకు చెబుతున్నాను, ఎందుకంటే మీరు నా మొహం చూడలేరు. నా ధైర్యం అంతవరకే.

గోనెసంచి బ్యాండ్ గురించి మీకు కొత్తగా చెప్పేదేముంది? విజయవాడలో వాళ్ల పాట వినబడని టీ కొట్టు లేదు. తెలుగు రాక్‌కి వాళ్లే తండ్రులట. తండ్రులు! వన్ టౌన్‌లో డ్రమ్స్ వాయించేవాడి నాన్నగారికి మిరపకాయల గోడౌన్ ఉండేది. గోడలకి బస్తాలు పేర్చి ఉంటే చప్పుడు బయటికి పోదని అక్కడ చేరి, నలుగురం తుమ్ముకుంటూ దగ్గుకుంటూ వాయించేవాళ్లం. అవును, నలుగురం. కీబోర్డు నాది. పాడే వంశీ గొంతులో జీర గురించి ఇప్పుడు పెద్దపెద్ద వ్యాసాలు రాస్తున్నారు, అందులో డెల్టా రైతు కోపం ఉందని, కృష్ణ ఒడ్డు దుఃఖం ఉందని. మిరప ఘాటు నాయనా అది! వాడికి దుఃఖమెక్కడిది, భవానీపురంలో మేడ, అడక్కముందే బండి కొనిచ్చే తండ్రి. కొత్త కుర్రాళ్లేమో ఆ జీర కోసం గోడౌన్లు అద్దెకి తీసుకుని మరీ పాడుతున్నారు.

ఇక ఆ మౌనం సంగతి. వాళ్ల పేరు మోసిన పాటలో రెండో చరణం మధ్యలో ఒక్కసారిగా అంతా ఆగిపోతుంది. గిటారు లేదు, డ్రమ్ము లేదు. వంశీ గొంతొక్కటే, మైకు కూడా లేకుండా, ఒంటరిగా లేస్తుంది. జనం అందుకుంటారు. పల్లవి దగ్గరికి వచ్చేసరికి మళ్లీ అన్నీ కలిసి విరుచుకుపడతాయి. దాన్ని కంకిపాడు మౌనం అంటారు. ఆ చోటికి రాగానే పిల్లలు చేతులెత్తి కళ్లు మూసుకుంటారు. రిసెప్షన్లలో ఆర్కెస్ట్రా వాళ్లు కూడా, ఆఖరికి సీమంతంలో పాడేవాళ్లు కూడా, అక్కడికి రాగానే టక్కున ఆపేస్తారు. మా స్టాఫ్ రూములో ఒక పెద్దమనిషి అది శూన్యానికి ప్రతీక అని అరగంట చెప్పాడు. నేను తలూపుతూ టీ తాగాను. శూన్యమూ లేదు, సున్నమూ లేదు. నేను వైరు పీకాను, అంతే.

ఎందుకు పీకాను? కంకిపాడులో వినాయక చవితి పందిట్లో మా ప్రోగ్రాం. అప్పటికి మమ్మల్ని ఎవరూ ఎరగరు. వ్యాన్ దిగుతుండగా వంశీ నవ్వుతూ అన్నాడు, రేపటినుంచి కీబోర్డు అక్కర్లేదని, నా వాయింపు పెళ్లి బాజాలా ఉందని. మిగతా ఇద్దరూ నేలచూపులు చూశారు. వాళ్లకి ముందే తెలుసన్నమాట. ఆ పాట ట్యూను సగం నాది. సగం కాదేమో, పావు. ఇన్నేళ్లూ సగమని చెప్పుకుంటూ వచ్చాను, ఇవాళైనా నిజం చెప్పాలి కదా.

మైక్ సెట్ కోటయ్య గారిది. ఆ ఊరాయనే. చుట్టుపక్కల ఏ శుభకార్యానికైనా ఆయన సెట్టే. మా వైపు ఒక పద్ధతుంది. ఏ కార్యక్రమమైనా ముగిసేముందు మైకులో మైక్ సెట్ సమకూర్చినవారి పేరు, ఊరు చదువుతారు. ఆ మాట విని ఇంకో నలుగురు పిలుస్తారు, అదే వాళ్ల బతుకుతెరువు. మాలో కాస్త స్పష్టంగా మాట్లాడేవాణ్ణి నేనని ఆ పని నాకు అప్పగించారు. కోటయ్య గారు నా దగ్గరికొచ్చి చేతులు కట్టుకుని మరీ గుర్తుచేశారు, పేరుతోపాటు ఊరు కూడా చదవమని. వంశీ వాళ్లు మందు పోయబోతే, వైరు ముట్టుకునే చేత్తో అది ముట్టనని పక్కకి తప్పుకున్నారు.

నా కీబోర్డు స్టేజీ వెనకంచున పెట్టారు. పక్కనే ఆయన బల్ల, బల్ల కింద బోర్డు. అన్నిటికీ కరెంటు అందులోంచే. రెండో చరణం వచ్చింది. వంశీ చొక్కా గుండీలు విప్పుకుని ఊగిపోతున్నాడు. చూసి ఒళ్లు మండిపోయింది. కాలు చాపి ఆ బోర్డు వైరు లాగాను. వాడి పరువు పోవాలి, జనం ఈలలేసి దించెయ్యాలి, అదీ నా కోరిక.

జరిగింది మీకు తెలుసు. డ్రమ్స్ వాయించేవాడు బిత్తరపోయి ఆపేశాడు, వంశీ మాత్రం ఆగలేదు. జనం అందుకున్నారు. కోటయ్య గారు బల్ల కిందికి దూకి వైరు మళ్లీ గుచ్చారు, సరిగ్గా పల్లవి దగ్గర. అంటే ఈ రాక్ చరిత్ర అంతా నా కుళ్లూ ఆయన చురుకూ కలిస్తే పుట్టింది. వంశీది అందులో గుండీలు విప్పుకున్నంత వరకే.

ఎవరో ఫోన్లో తీసిన ఆ వీడియో ఊళ్లు దాటడం తర్వాతి మాట. ఆ సాయంత్రం మాత్రం కమిటీ కుర్రాళ్లకి ప్రోగ్రాం పాడైందన్న కోపమే. పాట అవగానే స్టేజీ వెనక కోటయ్య గారిని పట్టుకుని కొట్టారు. తాగి వైరు తన్నాడని ఎవరో అన్నారు, అందరూ అదే అన్నారు. నేను కీబోర్డు సంచిలో పెట్టుకుని వ్యాన్ ఎక్కి కూర్చున్నాను. ఆయన పేరు చదవనేలేదు.

వారం తిరక్కుండా మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చారాయన. పెదవి ఇంకా వాచే ఉంది. లోపలికి రమ్మంటే రాలేదు.

"బాబుగారూ, నా వైరు నేను తన్నుకుంటానా అండీ? మీరు ఆ పక్కనే ఉన్నారు గదా. కమిటీ వాళ్లతో ఒక్క మాట చెప్పండి. చదువుకున్నోళ్లు, మీరు చెబితే నమ్ముతారు."

"నేను చూడలేదండీ. వాయించుకుంటున్నాను."

"పోనీ తాగలేదని చెప్పండి. అదొక్కటీ చెప్పండి బాబూ. పెళ్లికి మాట్లాడుకున్నోళ్లు కూడా వద్దంటున్నారు. ఇంట్లో ఆడపిల్లలు వింటున్నారండీ ఆ మాట."

"అది నాకెలా తెలుస్తుందండీ?"

"సరేలెండి" అన్నారు. మంచినీళ్లడిగి, తాగి, గ్లాసు అరుగు మీద పెట్టి వెళ్లిపోయారు.

ఆయనకి తెలుసా? తెలిసే అడిగారా? తెలిసుంటే, నన్ను బయటపెట్టకుండా తన పేరొక్కటీ కాపాడుకోవాలని ఆ రెండో మాట అడిగారా? అడిగింది ఎంతని? నా తప్పు ఒప్పుకోమనలేదు, తాను తాగలేదని చెప్పమన్నారు, అంతే కదా, అదైనా చెప్పి ఉంటే నా సొమ్మేం పోయేది? కానీ ఆయన తాగలేదంటే మరి వైరు పీకిందెవరని అడుగుతారు. ఆ లెక్క నాకు క్షణంలో తట్టింది చూడండి, ఛీ. నాకంటే వంశీయే నయం, వాడికి నిజం తెలియదు.

ఆ తర్వాత ఆయన్ని ఎవరూ పిలవలేదు. సెట్ అమ్మేశారని విన్నాను. వంశీ మాత్రం ప్రతి స్టేజీ మీదా ఆ కథ చెబుతాడు, మైక్ సెట్ ఆయన ఫుల్లుగా కొట్టి వైరు మీద పడ్డాడని. జనం విరగబడి నవ్వుతారు. టీ షర్టు కూడా వేశారు, నోరు తెరుచుకుని వైరు మీద బోర్లా పడ్డ మనిషి బొమ్మతో. అది తొడుక్కుని నా క్లాసులో మొదటి బెంచీలో కూర్చుంటారు పిల్లలు. వాళ్లని తిట్టుకుంటాను. వాళ్లకేం తెలుసు, వెధవని నేనైతే.

ఈ మధ్య చుట్టాల రిసెప్షన్‌కి కంకిపాడు వెళ్లాను. ఆర్కెస్ట్రా వాళ్లు అదే పాట ఎత్తుకున్నారు. ముందు ఆ తాగుబోతు కథ, తర్వాత పాట. మౌనం రాగానే హాలంతా చేతులెత్తింది. వెనక వరసలో ఒక ముసలాయన ఎత్తలేదు. జుట్టు పూర్తిగా నెరిసిపోయింది, అయినా పోల్చుకున్నాను. పక్కవాళ్లకి ఆయనెవరో తెలిసినట్టు లేదు. ఆయన లేచి, కుర్చీ వరసలోకి సర్ది, బయటికి నడిచారు. వెనకాల వెళ్లొచ్చు. పది అడుగులు. నేను కిళ్లీ నములుతూ కూర్చున్నాను.

ఇదంతా రాశాక గుండె కాస్త తేలికైంది. ఆ తేలిక కూడా నాకు దక్కాల్సింది కాదు. నా పేరు రాద్దామని కలం పట్టాను, చెయ్యి రాలేదు. ఆనాడు చదవాల్సిన మాట ఒకటి మాత్రం నా దగ్గరే ఉండిపోయింది. అది చదివి దిగిపోతాను.

ఈ కార్యక్రమానికి మైక్ సెట్ సమకూర్చినవారు కోటయ్య గారు, కంకిపాడు. ఆ రోజు ఆయన తాగలేదు.