రంగు కలిసిన పొడి

లింబాయత్‌లో మా అక్క తన ఇంటి వెనక గదిలో చాక్లెట్ బిస్కెట్లు కాల్చి, ప్యాకెట్లు కట్టి అమ్ముతుంది. ప్యాకెట్ మీద 'అచ్చమైన కోకోతో' అని ఇక్కడివాళ్ల భాష గుజరాతీలో ఉంటుంది. అక్క మీద అనుమానం లేదు గాని, పరీక్షించని మాట నాకు గొంతు దిగదు. మొదటిసారి ఒక పెద్ద దుకాణం ఆమె సరుకు అడిగినప్పుడు, ఇచ్ఛాపూర్‌లో నేను పనిచేసే ఆహార పరీక్షశాలలో అనుమతి తీసుకుని కొత్త ప్యాకెట్ ఒకటి పరీక్షకు పెట్టాను.

కోకోలో థియోబ్రోమిన్ అనే పదార్థం సహజంగానే ఉంటుంది. దాని వెంట కొద్దిగా కెఫీన్. రంగును, వాసనను అనుకరించవచ్చు. రంగుపొడిలో థియోబ్రోమిన్ మాత్రం ఉండదు. బిస్కెట్‌ను నూరి, కొవ్వు తీసి, వేడినీటిలో ఉంచి, వడకట్టిన ద్రవాన్ని యంత్రానికి ఇచ్చాను. తెర మీద గీత లేవవలసిన చోటే లేచింది. అక్క చెప్పిన పాళ్లకు తగిన ఎత్తు మాత్రం లేదు. కొవ్వు సరిగా పోలేదేమోనని మళ్లీ చేశాను. అదే పొట్టి గీత. ఇంతకుముందు అక్క ఇచ్చిన పాత ప్యాకెట్ పెడితే గీత ఉండవలసినంత ఎత్తుకు లేచింది.

వెంటనే అక్క ఇంటికి బయలుదేరాను. సరుకు కోసం దుకాణం ఆటో ఆ సాయంత్రమే వస్తుంది. దారి పొడవునా నా ఫలితాన్ని తప్పుపట్టే కారణాలు వెతికాను. ఒక్కటీ నిలవలేదు.

"ఏంది తమ్మి, మొగం గట్ల పెట్టినవ్? నా బిస్కెట్ల ఇసమున్నదా ఏంది?"

"కోకో తక్కువున్నదక్కా. పొడి మార్చినవా?"

"పాత డబ్బా అయిపోవస్తే కొత్తది తెచ్చిన. ఊకనే తెస్తనా? రెండు పొడులు గడపకాడ పక్కపక్కన పెట్టి చూసిన. జర గూడ తేడా లేదు."

నేతపని చేసే మా ఇంటిల్లిపాదికీ ఉన్న అలవాటది. మగ్గానికి కొత్త నూలు వస్తే, పాత నూలు పక్కన పెట్టి గడపలో పగటి వెలుగులో చూస్తారు, ట్యూబులైటును నమ్మరు. రెండింటి రంగూ కలిస్తే సరుకూ కలిసినట్టే. నూలుకు ఆ పరీక్ష చాలు.

"తింటే ఎవలకన్న ఏమన్న అయితదా?" అక్క అడిగింది.

"కలిపిందేందో తెల్వకుంట ఏం గాదని ఎట్ల చెప్త?"

"నీ మిషనే తప్పు చెప్పిందేమో."

"రెండుసార్లు చేసిన."

సందులో ఆటో హారన్ మోగింది. అక్క బయటికి వెళ్లి, "ఆజ్ నహీ, భాయ్" అని, ఇవాళ సరుకు ఇవ్వనని చెప్పి ఆటోను పంపేసింది. తిరిగివచ్చి, పాత బిస్కెట్‌నూ కొత్త బిస్కెట్‌నూ గడపలో మిగిలిన వెలుగుకు పట్టింది.

"ఒక్కతీరే ఉన్నయ్ గద తమ్మి."

నాకూ ఒక్కతీరుగానే కనిపించాయి. కొత్త డబ్బాలోని పొడిని పరీక్షకని సీసాలోకి తీసుకుని మూత బిగించాను.