అన్నకే అడ్డం నిలిచిన వకీలు

చిన్నాయన చెన్నకృష్ణప్ప ఇక లేరన్న వార్త గురువారం వేకువన వచ్చింది. ముందునాడు సాయంత్రం హోసూరు కోర్టు ఆవరణలో, ఒక దావా సరిగా చదవలేదని నన్ను గట్టిగా మందలించిన మనిషి. నమ్మలేకపోయాను.

ఆయన మా నాన్నకు సొంత తమ్ముడు, నాకు వృత్తి నేర్పిన గురువు. బాడుగ ఇళ్ళ వ్యాజ్యాలలో ఆయనకు సాటి మా ప్రాంతంలో లేరని చెప్పడానికి నాకు బంధుత్వం అడ్డురాదు.

తొంభైలలో ఫ్యాక్టరీలు పెరిగి హోసూరులో గది దొరకడమే గగనమైంది. అద్దె నియంత్రణ చట్టం మీద ఊరు రెండుగా చీలింది. ఎత్తేయాలని యజమానులు, ఎత్తేస్తే వీధిన పడతామని బాడుగకున్నవాళ్ళు. యజమానులు ఒక కల్యాణ మండపంలో సభ పెట్టి చిన్నాయనను పిలిచారు. "ఇల్లు మాది. ఖాళీ చెయ్యమనే దానికి కోర్టు ఎందుకు లాయరప్పా?" అని ఒకాయన నిలదీశాడు.

"ఇల్లు నీదే అప్పా. దాంట్లో ఉండే సంసారం నీది కాదు. న్యాయమైన కారణం ఉంటే చెప్పు, నేనే ఖాళీ చేపిస్తాను. లేకుంటే నా ఆఫీసుకు రావద్దు" అన్నారు. ఆ రోజు తనను భోజనానికి ఉండమన్నవాడు లేడని నవ్వుతూ చెప్పేవారు.

అలాగని అద్దెదారుల పక్షపాతి కారు. అత్తిముగం ఊరి ముసలమ్మ ఒకామె, తన ఇంట్లో బాడుగకున్నవాడు దాన్ని ఇంకొకరికి బాడుగకిచ్చి పెత్తనం చేస్తున్నాడని వాపోతే, వాణ్ని ఖాళీ చేయించి తాళంచెవి ఆమె చేతిలో పెట్టారు. నోటీసు రాసే ముందు ఇల్లు కళ్ళారా చూడడం ఆయన నియమం. "కాగితంలో ఇల్లు కనపడదమ్మా, ఆడికి పోయి చూడల్ల" అని నన్నూ ఎండలో తిప్పేవారు.

ఆయన ధర్మనిష్ఠకు అసలు పరీక్ష మా కుటుంబంలోనే ఎదురైంది. నాన్నకు బజారు వీధిలో ఒక ఇల్లుంది. ఉద్దనపల్లి నుంచి వచ్చిన రత్నమ్మ, భర్త పోయాక, దాని ముందు గదిలో కుట్టుమిషన్ పెట్టుకుని ఆడపిల్లలను చదివిస్తోంది. సెల్‌ఫోన్ల దుకాణానికిస్తే ఎక్కువ బాడుగ వస్తుందని నాన్న ఆశపడ్డారు. పెద్దకొడుకు కాపురానికి ఇల్లు కావాలని సాకు చూపి కోర్టులో కేసు వేశారు. తమ్ముడే వాదిస్తాడని ఆయన ధీమా. చిన్నాయన ఆ ఇల్లు చూసి వచ్చి, రత్నమ్మ తరఫున వకాల్తా వేశారు!

"అన్నదమ్ముల నడుమ నేనెందుకప్పా? యాడన్నా ఇల్లు చూసుకుంటాను" అని ఆమె ఏడ్చింది.

"యాడికి పోతావమ్మా? నీకాడ గుడ్డలు కుట్టిచ్చుకునే వాళ్ళంతా ఈడే ఉండారు. కదలొద్దు" అన్నారు.

మా వైపు కొత్తింట్లో పాలు పొంగిస్తే అక్కడ కాపురం పెట్టినట్టే లెక్క. విచారణ రోజు బోనులో నిలబడ్డ అన్నను చిన్నాయన ఒకే ప్రశ్న అడిగారు. "అన్నా, నీ పెద్దకొడుకు క్రిష్ణగిరిలో కొన్న ఇంట్లో పోయిన నెల పాలు పొంగిచ్చింది ఎవరు?"

నాన్న ముఖం ఎర్రబడింది. కొడుకు సొంతిల్లు కొన్నాడని కనిపించినవారికల్లా చెప్పుకున్న మనిషి. ఆ శుభకార్యం జరగలేదనడానికి నోరు రాలేదు. "నేనూ, మీ వదినా" అన్నారు.

కేసు కొట్టేశారు. కూతురిగా తల దించుకున్నాను, జూనియర్‌గా గర్వంతో పొంగిపోయాను. నాన్న అప్పీలు వేసి, తమ్ముడితో మాటలు మానేశారు. నేను బాధపడితే చిన్నాయన, "అన్న కోపం ఎప్పుడన్నా పోతుంది లేమ్మా. ఆ యమ్మకు ఇల్లు పోతే మళ్ళా రాదు" అన్నారు.

అంత్యక్రియలు ముగిశాక నాన్న ఇంటికి రాలేదు. నేరుగా బజారు వీధికి నడిచారు. భయపడి వెంట వెళ్ళాను. గుమ్మంలో కూర్చున్న రత్నమ్మ, ఇక ఖాళీ చేయమంటారనే కాబోలు, కళ్ళు తుడుచుకుని లేచి నిలబడింది.

"కూర్చోమ్మా. అప్పీలు వాపసు తీసుకుంటాను. నువ్వు ఈడే ఉండు" అన్నారు నాన్న. తరువాత గోడ పట్టుకుని, "మావాడు ఉండంగానే ఈ మాట చెప్పుండల్ల" అని బావురుమన్నారు.

రక్తబంధం కన్నా న్యాయాన్ని మిన్నగా భావించిన ఆ మహామనీషికి శిరసు వంచి నమస్కరిస్తున్నాను. ఆయన స్థానం ఇంకొకరితో నిండేది కాదు. చిన్నాయనా, మీ అన్నే మీ పక్షాన తీర్పు చెప్పారు. వినడానికి మీరు లేరు.