‘మందు’ అన్న ఒక్క మాట

మార్చి పదిహేడో తేదీ, మధ్యాహ్నం మూడు గంటల నలభై నిమిషాలు. ఆరేళ్లుగా నేను మోస్తున్న బరువు అక్కడ మొదలైంది. ఇంత కచ్చితంగా ఎలా చెప్పగలుగుతున్నానంటే, ఆ ఫైలును నేను చివరిసారి సేవ్ చేసిన సమయం కంప్యూటర్‌లో ఇప్పటికీ అలాగే ఉంది. అంతకు ముందు జరిగినదాన్ని పొరపాటు అనవచ్చు. ఆ తరువాత జరిగినదానికి ఆ పేరు పెట్టుకునే హక్కు నాకు లేదు.

మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను. తెలిసినవారికి చెప్పాలని చాలాసార్లు ప్రయత్నించాను. మా అమ్మకు చెబితే ఆ మాట అర్థమవుతుంది, ఆ మాట మీద నేను నిలబెట్టిన పరిశోధన అర్థం కాదు. మా ఆచార్యులకు చెబితే పరిశోధన అర్థమవుతుంది, ఆ మాట అర్థం కాదు. రెండూ తెలిసిన మనిషి నా ఎరుకలో ఒక్కరూ లేరు. ఒంటరితనం అంటే చుట్టూ ఎవరూ లేకపోవడమని నేను అనుకునేదాన్ని. హాస్టల్లో నలుగురి మధ్య కూర్చుని భోజనం చేస్తున్నప్పుడే అది నాకు బాగా తెలిసివచ్చింది.

మాది చాట్రాయి వైపు. అమ్మ మామిడి తోటల్లో కాయలు ఏరి, ట్రేలలో సర్దే పనికి వెళ్లేది. మా ఇంట్లో డిగ్రీ చదివినవారిలో నేనే మొదటిదాన్ని. నాకు పరిశోధనకు సీటు వచ్చిన ఏడాదే విశ్వవిద్యాలయం ఒక కొత్త ఫెలోషిప్ ప్రకటించింది. ఆరోగ్యాన్ని ఒకే శాస్త్రం వైపు నుంచి కాక, రెండు మూడు శాస్త్రాలను కలిపి చూసే విద్యార్థులకు ఆ నిధి ఇస్తారు. నేను సామాజిక శాస్త్రం చదివాను. నాకు మా శాఖ ఆచార్యులతో పాటు వైద్య విభాగం నుంచి మరొకరు మార్గదర్శకులయ్యారు. ఆగిరిపల్లి చుట్టుపక్కల మామిడి తోటల్లో పనిచేసే కూలీలకు చేతుల వణుకు, తిమ్మిరి ఎందుకు వస్తున్నాయన్నది నా అంశం. మొదటి ఏడాది నివేదిక ఫెలోషిప్ ఇచ్చే సంఘానికి నచ్చితేనే రెండో ఏడాదికి ఫెలోషిప్ పొడిగిస్తారు. లేకపోతే నేను ఇంటికి వెళ్లాలి. ఇంట్లో నాకోసం ఎదురుచూస్తున్నది ఆ ట్రేల పనే.

ప్రశ్నావళి తయారుచేస్తున్నప్పుడు వైద్య విభాగం వారు ‘మద్యపానం’ అని రాశారు. జనానికి అది పుస్తకాల మాటగా వినిపిస్తుందని నేను అభ్యంతరం చెప్పాను. ‘తాగుడు’ అంటే బాధపడతారు. అందరూ మామూలుగా అనేది ‘మందు’ కాబట్టి అలాగే అడుగుదామన్నాను. సంఘంలో ఒక పెద్దాయన, ‘ఈ అమ్మాయికి జనం భాష తెలుసు’ అని మెచ్చుకున్నారు. ఆ మెప్పు నాకు ఎంత తీపిగా అనిపించిందో మీకు చెప్పకుండా ఉండలేను. అంతవరకూ ఆ గదుల్లో నా యాసను దాచుకుంటూ మాట్లాడినదాన్ని. మొదటిసారి నా ఊరి మాట అక్కడ చెల్లుబాటైంది.

ఆ ప్రశ్నకు పైనే మరొకటి ఉండేది: ‘మీ ఇంట్లో ఎవరైనా రసాయనాలతో పనిచేస్తారా?’ దాన్ని మాత్రం నేను మార్చలేదు. మార్చాలని తట్టలేదు.

జనవరిలో, తోటలు పూత మీద ఉన్నప్పుడు, ఒక ఇంటికి వెళ్లాను. ఆ ఇల్లాలిని ఇక్కడ రత్నమ్మ గారంటాను, ఆవిడ భర్తను కోటేశు గారంటాను. అసలు పేర్లు ఇవి కావు. ఆయన పనికి వెళ్లారు. ఆయన తరఫున ఆవిడే జవాబులు చెప్పారు. ఫోన్‌లో రికార్డు పెట్టి, ఒళ్లో కాగితాలు పెట్టుకుని, తల వంచి రాసుకున్నాను. రసాయనాలా, అవేవీ మా ఇంట్లో లేవన్నారు. ‘లేదు’ అని గుర్తు పెట్టాను. మందు అలవాటు ఎవరికైనా ఉందా అని అడిగాను. “అలవాటేంటమ్మా, ఇరవై ఏళ్ల నుంచి ఆయన బతుకంతా మందుతోనేగా. ఇంటికొస్తే ఒళ్లంతా ఆ వాసనే. చేతులు వణికి అన్నం ముద్ద నోటిదాకా రాదు,” అన్నారు. ‘అవును’ అని గుర్తు పెట్టాను. ఇరవై ఏళ్లు అని పక్కన రాశాను.

మా వైపు పుట్టి పెరిగిన ఎవరినైనా అడగండి. పూతకాలంలో మందు అంటే ఏమిటి? చెట్లకు కొట్టే మందు. దాన్ని రసాయనమని మా వైపు ఎవరూ అనరు. పురుగుమందు అని పూర్తిగా కూడా అనరు. ఆ వాసనతో ఇంటికి వచ్చే మనుషుల మధ్యే పెరిగిన నాకు ఆ క్షణాన ఎందుకు తట్టలేదు? చేతిలో కాగితం ఉన్నప్పుడు నేను వేరే మనిషినయ్యానా? లేక, అంతకుముందు వరుసగా కొన్ని ఇళ్లలో ‘అవును’ అన్న జవాబు వచ్చేసరికి, నేను కోరుకున్నదే వినడం మొదలుపెట్టానా? ఇది నేను ఎన్నోసార్లు వేసుకున్న ప్రశ్న. నిజాయితీగా చెప్పాలంటే, జవాబు నాకు తెలియదు.

కానీ మార్చి పదిహేడున మాత్రం నాకు తెలిసింది.

మరునాడు ఉదయం సంఘం సమావేశం. నివేదిక పూర్తయింది. చేతుల వణుకుకూ మద్యానికీ బలమైన సంబంధం కనిపిస్తోందని అందులో రాశాను. వైద్య విభాగపు ఆచార్యులు చదివి, చాలా స్పష్టమైన ఫలితమని సంతోషించారు. ఒక ఉదాహరణ వాక్యం కోసం రత్నమ్మ గారి రికార్డు మళ్లీ విన్నాను. నేను రాసుకోవడంలో మునిగి వినిపించుకోని చివరి మాట అందులో ఉంది. “పైపు పట్టుకుని చెట్టు కింద నిలబడితే, పైకి కొట్టిందంతా మళ్లీ ఆయన మీదే పడుద్ది కదమ్మా.”

రెండుసార్లు విన్నాను. మూడోసారి వినలేదు.

ఒక్క కాగితం దిద్దితే సరిపోదని వెంటనే అర్థమైంది. ఈవిడ చెప్పినది ఆ మందైతే, మిగతా ఇళ్లలో ‘అవును’ అన్నవారు ఏ మందు గురించి అన్నారు? అన్ని ఇళ్లకూ మళ్లీ వెళ్లాలి. నివేదిక వెనక్కి తీసుకోవాలి. నన్ను మెచ్చుకున్నవారి ముందు నిలబడి, నాకు తెలుసని మీరన్న ఆ భాషలోనే నేను పొరబడ్డానని చెప్పాలి. వణుకుకు కారణం మందే, కానీ నేను రాసిన మందు కాదు. అది తెలిసి కూడా ఫైలు సేవ్ చేసి మూసేశాను. పొడిగింపు వచ్చాక దిద్దుతాననుకున్నాను. మరునాడు ఫెలోషిప్ పొడిగించారు.

ఏప్రిల్‌లో, ఆ నిధితోనే, రత్నమ్మ గారి ఊళ్లో వైద్య శిబిరం పెట్టారు. నేను ఇచ్చిన జవాబుల పట్టికను బట్టే జాబితాలు తయారయ్యాయి. చేతులు వణుకుతూ మద్యం అలవాటు లేనివారిని వ్యానులో విజయవాడ తీసుకువెళ్లి నరాల పరీక్షలు చేయించారు. అలవాటున్నవారిని ఒక పక్కన కూర్చోబెట్టి, మానమని నచ్చజెప్పి కరపత్రాలు ఇచ్చారు. కోటేశు గారు ఈ రెండో జాబితాలో ఉన్నారు. నేను తాగనండీ అని ఆయన చెప్పారట. తాగేవారందరూ చెప్పే మాటే కాబట్టి ఎవరూ పట్టించుకోలేదు. నేను ఆ రోజు శిబిరానికి వెళ్లలేదు. జ్వరమని చెప్పాను. జ్వరం లేదు.

మే నెలలో రెండో విడత ప్రశ్నల కోసం వెళ్లక తప్పలేదు. తోటలో కోతలు జరుగుతున్నాయి. రత్నమ్మ గారు మరికొందరు ఆడవాళ్లతో కలిసి చెట్టు నీడన కాయలు ఏరుతున్నారు. నన్ను చూడగానే వాళ్లలో సుబ్బులు అనే ఆవిడ గొంతెత్తింది.

“ఏమే రత్నం, మీ మేడమ్‌గారొచ్చారు చూడు. ఈసారి నీ వంతేమో, గొట్టం పెట్టి ఊదమంటారు!”

మరొకావిడ అందుకుంది. “పెళ్లిళ్లలో కూల్‌డ్రింకు పట్టుకుని బుద్ధిమంతుడిలా కూర్చునేవాడమ్మా మా కోటేశు బావ. అందులో ఏం కలుపుకునేవాడో ఇప్పుడు తెలిసింది.”

“ఇక చాల్లే, మూసుకోండే,” అన్నారు రత్నమ్మ గారు. లేచి, కొంగుతో చేతులకంటిన సొన తుడుచుకుంటూ నా దగ్గరకు వచ్చారు.

“అమ్మాయ్, ఒక మాట అడుగుతాను, ఏమనుకోకు. మా ఆయన తాగుతాడని నువ్వు రాశావంటగా?”

“నేను రాయలేదు పిన్నీ. ఆఫీసులో కంప్యూటర్‌లోకి ఎక్కించేటప్పుడు పొరపాటు జరిగింది.”

“కంప్యూటర్‌కి మా ఆయనెవరో ఎట్టా తెలుసమ్మా? ఎవరో ఒకరు చెప్తేనేగా?”

“అది వేరేవాళ్లు ఎక్కించారు.”

“పోనీలే. దిద్దిస్తావా మరి? ఆ వ్యాను మళ్లీ వచ్చినప్పుడు ఈయన్ని కూడా ఎక్కించుకుంటారా?”

“దిద్దిస్తాను పిన్నీ.”

ఆవిడ ముఖం తేటపడింది. వెనక్కి తిరిగి అందరికీ వినబడేలా అన్నారు. “విన్నారా? ఆ అమ్మాయి రాయలేదంట. వాళ్లమ్మ కూడా మనలాగే కాయలు ఏరిన మనిషి. మన పిల్ల మన గురించి అట్టా ఎందుకు రాస్తుంది?”

నేను అబద్ధం ఆడానని కాదు, ఆ అబద్ధాన్ని ఆవిడ నా తరఫున మోసుకువెళ్లి నలుగురికీ పంచారే, అది ఇప్పటికీ నాకు మింగుడుపడదు. ఆవిడ నన్ను తిట్టి ఉంటే ఆ రోజే నిజం చెప్పేదాన్నేమో. ఇలా అనుకోవడం కూడా తప్పును ఆవిడ మీదికి నెట్టడమే కదా? నిజం చెప్పడానికి నాకు కావలసింది ఆవిడ కోపం కాదు. నాకు ఏది కావలసిందో, అది నా దగ్గర లేదు.

దిద్దలేదు. వ్యాను మళ్లీ రాలేదు. కోటేశు గారు మరో రెండు పూతలకు మందు కొట్టారు. ఆ తరువాత కుడిచేయి పట్టు తప్పింది. వైద్యానికి సాయం చేయమని అడిగితే, తోట కౌలుకు తీసుకున్నాయన, తాగి తెచ్చుకున్నదానికి నేనేం చేస్తాను, యూనివర్సిటీ వాళ్లే రాశారు కదా అన్నారట. ఈ మాటలన్నీ నాకు ఎప్పటికప్పుడు చెప్పింది మా అమ్మే. ఆ ఊరివారు కూలి పనుల్లో అమ్మకు తారసపడేవారు. పాపం, అని ఆమె నిట్టూర్చేది. నేను ఫోన్ చెవి దగ్గరే పెట్టుకుని మాట్లాడకుండా ఉండేదాన్ని. లైన్ కట్ అయిందేమోనని ఆమె నన్ను పేరుపెట్టి పిలిచేది.

నాకు డాక్టరేట్ వచ్చింది. ఒక కాలేజీలో కాంట్రాక్టు ఉద్యోగం వచ్చింది. ఎన్నడూ ఎవరితోనూ నా పరిశోధన గురించి మాట్లాడేదాన్ని కాదు. వినయమనుకున్నారు.

ఈ ఏడాది మొదట్లో, అదే ఫెలోషిప్‌కు ఎంపికైన ఒక విద్యార్థిని ఫోన్ చేసింది. నా ప్రశ్నావళిని నమూనాగా ఇచ్చారని, మందు ప్రశ్న చాలా సహజంగా ఉందని, దాన్ని అలాగే వాడుకుంటానని చెప్పి, నా అనుమతి అడిగింది. తను కూడా వాళ్ల ఇంట్లో డిగ్రీ చదివినవారిలో మొదటిదేనట. వాడవద్దన్నాను. ఎందుకండీ అని అడిగింది. అంత చిన్న ప్రశ్నకు ఆరేళ్లుగా నేను తప్పించుకుంటున్న జవాబు తప్ప మరొకటి దొరకలేదు. చెప్పాను. అంతా విని మెల్లగా, “అయితే ఆయన చెయ్యి ఇప్పుడెలా ఉందండీ?” అంది.

ఆ వారమే విశ్వవిద్యాలయానికి ఉత్తరం రాశాను. రికార్డును కూడా జతచేశాను. తరువాత ఆగిరిపల్లి వెళ్లి, రత్నమ్మ గారి ముందు నిలబడి, రాసింది నేనేనని, తెలిసే దిద్దలేదని చెప్పాను. ఆవిడ లోపలికి వెళ్లి భర్తను తీసుకువచ్చి, ఆయనకు చెప్పమన్నారు. మళ్లీ మొదటి నుంచి చెప్పాను. క్షమించమని అడగలేదు. అడిగితే, జవాబు చెప్పే భారం కూడా వాళ్ల మీదే వేసినట్టవుతుందనిపించింది. కోటేశు గారు ఒక్క మాటే అన్నారు. “ఇక్కడ చెప్తే ఏం లాభం? అందరూ ఉన్నప్పుడు చెప్పు.”

మరునాడు పొద్దున, కూలీలు ఆటోల కోసం చేరే టీకొట్టు దగ్గర చెప్పాను. చెప్పడం అయిపోయాక ఎవరి పనికి వాళ్లు వెళ్లిపోయారు. టీ తాగమని నన్ను ఎవరూ అడగలేదు. బస్సు కోసం నిలబడినప్పుడు, చాలాకాలం తరువాత, ఊపిరి కడుపుదాకా వెళ్లినట్టనిపించింది. దాన్ని మనశ్శాంతి అనను. ఇక దాచడానికి ఏమీ మిగలలేదు, అంతే.

ఆ తరువాత మారినవి ఇవి. నా డిగ్రీ మీద విచారణ జరుగుతోంది. కాలేజీ ఉద్యోగం పోయింది. ఆ ప్రశ్నను తాగే మందు, చెట్లకు కొట్టే మందు అని రెండుగా విడగొట్టి, కొత్త విద్యార్థిని ఆ ఇళ్లన్నిటికీ మళ్లీ వెళుతోంది. కోటేశు గారిని విజయవాడ తీసుకువెళ్లి పరీక్షలు చేయించారు. ముందే వచ్చి ఉంటే నయమయ్యేదా అన్న ప్రశ్నకు వైద్యులు జవాబు చెప్పలేదు. చేతికి పట్టు రాలేదు. ఊళ్లో మాత్రం ఆయన్ని ఇప్పుడు ఎవరూ తాగుబోతు అనడం లేదు.